ఎడిన్‌బరో తెలుగు కుటుంబాల స్కాటిష్ కంట్రీ డ్యాన్స్ తరగతులు: 2024–25 జమా ఖర్చుల వివరణ

గౌరవ సభ్యులకు, దాతలకు నమస్కారం. 2024 సెప్టెంబరు నుంచి 2025 ఏప్రిల్ వరకు మన తరగతులకూ, ఫిబ్రవరి 1న స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ స్మారకంగా జరిపిన బర్న్స్ విందుకూ సంబంధించిన లెక్కలను మీ ముందుంచుతున్నాం. వాద్యకారులకు ఇచ్చిన మొత్తంపై కొందరు సభ్యులు సందేహాలు వ్యక్తం చేసినందున ఆ పద్దును విడిగా వివరిస్తున్నాం.

జమ: పాత నిల్వ 186 పౌండ్లు, తరగతుల రుసుము 1,240, విందు టికెట్లు 610, విరాళాలు 275. మొత్తం 2,311 పౌండ్లు. టీ విరామానికి పులిహోర, గారెలు ఇంటి నుంచి చేసి తెచ్చినవారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

ఖర్చు: తరగతుల హాలు అద్దె 780, టీచరు పారితోషికం 650, విందు హాలు 210, బీమా 74, టీ, పాలు, బిస్కెట్లు 118, వాద్యకారులకు 420. మొత్తం 2,252 పౌండ్లు. నిల్వ 59 పౌండ్లు. ఇంతకన్నా చవకైన హాలు ఉన్నమాట నిజమే కానీ, అక్కడ కాంక్రీటు మీద టైల్స్ పరిచారు. రీల్, జిగ్ అనే వేగమైన నృత్యాలు మునివేళ్ల మీద ఎగురుతూ ఆడేవి. గిల్లీల (ఈ నృత్యానికి వేసుకునే మెత్తని బూట్ల) పల్చని తోలు అడుగుతో అటువంటి నేల మీద ఆడితే మోకాళ్లు, పిక్కలు పట్టేస్తాయి. అందుకే చెక్క నేల ఉన్న హాలునే తీసుకున్నాం.

ఇక వాద్యకారుల పద్దు. రికార్డింగు పెట్టుకుంటే 420 పౌండ్లు మిగిలేవి కదా అన్నారు. వారపు తరగతులకు రికార్డింగులే వాడుతున్నాం. విందుకు వచ్చినవారిలో సగంమంది కొత్తవారు, పైగా పిల్లలు, హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి వచ్చిన పెద్దలు కూడా ఉన్నారు. 32 బార్ల (తాళపు విభాగాల) రాగాన్ని ఎనిమిదిసార్లు వాయిస్తే సెట్‌లోని, అంటే కలిసి ఆడే ఒక జట్టులోని నాలుగు జంటలకూ రెండేసిసార్లు ముందు నిలిచి ఆడే అవకాశం వస్తుంది. మధ్యలో ఒక సెట్ తడబడినా రికార్డింగు ఆగదు. ఆ రోజు అకార్డియన్ వాయించిన ఆయన మన వరుసలను చూస్తూనే వాయించారు. స్ట్రాత్‌స్పే అనే నెమ్మదైన నృత్యంలో పెద్దలు వెనకబడ్డప్పుడు వేగం తగ్గించారు. డ్యాషింగ్ వైట్ సార్జెంట్ అనే నృత్యాన్ని పిల్లలు మళ్లీ కావాలంటే మళ్లీ వాయించారు. అకార్డియన్, ఫిడేలు కలిపి ఇద్దరు కళాకారులు ఒక శనివారం సాయంత్రం మొత్తం ఇచ్చినందుకు ఈ మొత్తం న్యాయమైనదేనని కమిటీ ఏకాభిప్రాయం. బర్న్స్ పుట్టినరోజు జనవరి 25 శనివారమే పడినందున ఆ రాత్రి వాద్యకారులకు గిరాకీ ఎక్కువ. వారం ఆగి విందు పెట్టుకోవడానికి కారణం అదే.

ఈ 420లో సగం ముందే ఇచ్చాం. మిగతా 210 పౌండ్లు చెల్లించేసరికి ఏప్రిల్ వచ్చింది. విందు నాటికి ఇస్తామని మాట ఇచ్చిన విరాళాల్లో 140 పౌండ్లు నేటికీ అందలేదు. ఆ సొమ్మును నమ్ముకునే బయానా ఇచ్చాం. అది రాకపోవడంతో వసంతకాలపు రుసుములు చేరేదాకా ఆగాల్సి వచ్చింది. అన్నాళ్లూ ఒక్క మాట అనకుండా ఓపిక పట్టిన ఆ కళాకారులకు మనమందరం రుణపడి ఉన్నాం. బకాయి ఉన్నవారి పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎవరికి వారికి తెలుసు కనుక సెప్టెంబరు తరగతులు మొదలయ్యేలోగా దయచేసి చెల్లించగలరు. ఆ సొమ్ము వస్తేనే కొత్త హాలు అడ్వాన్సు కట్టగలం.

రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కోశాధికారి వద్ద ఉన్నాయి. సభ్యులెవరైనా తరగతి రోజున టీ విరామంలో వచ్చి చూసుకోవచ్చు.

ఇట్లు,
కార్యవర్గం