తడిసిన ఫొటోల సంవత్సరం: మన ఛాయాచిత్ర సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక నెలవారీ పోటీల ఫలితాలతో మొదలవుతుంది. ఈసారి ఆ వరస మార్చేసి, సెప్టెంబరు నెలతో మొదలుపెడుతున్నాను. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సభ్యులు తీసిన ఫొటోలు వేలల్లో ఉంటాయి. కానీ ఈ ఏడాది మన సంఘం చేసిన పెద్ద పని మనం తీయని ఫొటోలతో జరిగింది.

బుడమేరు వాగుకు గండ్లు పడి, సెప్టెంబరు 1 ఆదివారం మన విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్లలో ఉండిపోవడం మీలో చాలామంది కళ్లారా చూశారు. మన సభ్యుల కుటుంబాలు కూడా ఆ నీళ్లలో చిక్కుకున్నాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. మనవాళ్లు కొందరు కెమెరాలతో బయలుదేరారు, కొందరు పాల ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు మోశారు. రెండు పనులూ చేసినవారూ ఉన్నారు.

వరద ఫొటోలతో ఆ నెల పోటీ పెడదామని ఒక ప్రతిపాదన వచ్చింది. కార్యవర్గం ఒప్పుకోలేదు, సెప్టెంబరు పోటీని రద్దు చేశాం. మెడలోతు నీళ్లలో బిడ్డను ఎత్తుకుని నిలబడిన మనిషి ఫొటోకు మార్కులు వేయడానికి మాలో ఎవరికీ చేయి రాలేదు. ఈ నిర్ణయంపై కొందరు ఇంకా నొచ్చుకుని ఉన్నారని నాకు తెలుసు. ఆ ఫొటోలు ఊరి జ్ఞాపకంగా నిలవాలన్న వారి మాటను నేను కాదనను. అందుకే వాటన్నింటికీ తేదీ, వీధి పేరు రాయించి, రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో భద్రపరిచాం.

వారం దాటాక నీళ్లు తీశాయి. ఇళ్లలోని సామాను వీధుల్లోకి వచ్చింది. పరుపులు, బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు, వాటి మధ్య పెళ్లి ఆల్బంలు. పాయకాపురంలో ఉండే మన సభ్యుడొకరు తల్లిదండ్రుల ఆల్బం ఒక ప్లాస్టిక్ టబ్బులో పెట్టుకుని మన సంఘం గదికి వచ్చి, దీన్ని ఏం చేయాలో చెప్పండి అని అడిగారు. పాతికేళ్లుగా కెమెరాలు పట్టుకున్నవాళ్లం ఉన్నాం, లెన్సుల గురించి గంటలు మాట్లాడగలం. ఆ ఒక్క ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

మొదటి రోజు తప్పు చేశాం. అంటుకుపోయిన ఫొటోలను పొడి చేత్తో విడదీయబోతే ఒకదాని ముఖం ఇంకొకదాని వీపుకు అంటుకుని వచ్చేసింది. కొన్నింటిని మేడ మీద ఎండలో పరిచాం. సాయంత్రానికి అవి అప్పడాల్లా చుట్టుకుపోయి పగుళ్లిచ్చాయి. ఆ ఫొటోలు ఇక తిరిగి రావు. ఆ కుటుంబానికి మా తప్పు చెప్పి క్షమాపణ అడిగాం. దాన్ని ఈ నివేదికలోనూ నమోదు చేస్తున్నాను.

మనకు దారి చూపింది ఒకప్పుడు స్టూడియో నడిపిన మన పెద్ద సభ్యుడు. ఆయన ఫొటోలు కడిగే చీకటి గదిలో, అంటే డార్క్‌రూంలో, పని నేర్చుకున్న మనిషి. “నీళ్లలో పుట్టిన ఫొటో నీళ్లకు వెంటనే చావదయ్యా” అన్నారు. నిజమే, పాత పద్ధతిలో ప్రింటు బొమ్మను తేల్చే డెవలపర్ ద్రావణంలో తేలి, దాన్ని నిలిపే ఫిక్సర్‌లో మునిగి, గంటసేపు పారే నీళ్లలో కడిగించుకుని మన చేతికి వచ్చేది. ప్రమాదం బురదతో, వేడితో, ఆలస్యంతో. బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొర నానితే మెత్తబడుతుంది, బూజుకు అది మంచి తిండి. తడిసిన ఫొటో మీద రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది.

ఆ తరువాత పని ఒక పద్ధతిలో సాగింది. అంటుకున్న కట్టలను చల్లటి మంచినీళ్ల ట్రేలో నానబెట్టి, వాటంతట అవి విడేదాకా ఆగాం. బొమ్మ వైపు వేలు తగలకుండా అంచులు పట్టుకుని, రెండు మూడు ట్రేలు మార్చి బురద వదిలించాం. బొమ్మ పైకి ఉండేలా అద్దుడు కాగితం మీద పరిచి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా నీడన ఆరబెట్టాం. నెగటివ్‌లను క్లిప్పులతో తీగకు వేలాడదీశాం. ఒక్కరోజులో చేయలేనన్ని వచ్చినప్పుడు, ఐస్‌క్రీం దుకాణం ఉన్న మన సభ్యుడు ఫ్రీజరు ఖాళీ చేసి ఇచ్చారు. గడ్డకట్టిన ఆల్బంలో బూజు పెరగదు కాబట్టి, పాలిథిన్ సంచుల్లో పేర్లు రాసి ఉంచి, ఆదివారానికి కొన్ని చొప్పున బయటకు తీశాం. దాదాపు రెండు నెలలు ఆయన ఐస్‌క్రీం అమ్మలేదు. సంఘం తరఫున ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఈ పనిలో నేర్చుకున్నది ఏ తరగతిలోనూ నేర్చుకోలేదు. ఇంట్లో ప్రింటరుతో తీసుకున్న రంగుల కాగితాలు ఎక్కువగా సిరా కరిగి పోయాయి. పేజీల మీదే ఫొటోలు ముద్రించే మందపాటి కరిజ్మా ఆల్బంల అట్టలు ఉబ్బి ఇటుకల్లా బిగుసుకున్నాయి. అన్నింటికంటే బాగా నిలిచినవి తాతల కాలం నాటి నలుపు తెలుపు ప్రింట్లు. ల్యాబ్‌లో కడిగిన రంగుల ప్రింటులో మూడు పొరలుంటాయి. పైన నీలి ఛాయ, మధ్యలో గులాబీ ఛాయ, అడుగున పసుపు. పై పొర ముందు కరుగుతుంది కాబట్టి తడిసిన అంచు మొదట ఎర్రబడి, తరువాత పసుపు తిరిగి, చివరకు తెల్ల కాగితం తేలుతుంది. ఆ అంచులు చూస్తే నీళ్లు ఎంతవరకు తిన్నాయో తెలిసిపోయేది.

రాజరాజేశ్వరిపేట నుంచి ఒక పెద్దావిడ గాజుకు అంటుకుపోయిన పటం తెచ్చారు. భర్త ఫొటో, ఇంట్లో ఉన్నది అదొక్కటే. గాజు నుంచి లాగితే ముఖం గాజుకే ఉండిపోతుంది. అందుకని గాజుతో పాటే ఉంచి, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో దీపాలు పెట్టి, పోలరైజర్ తగిలించి మెరుపు తగ్గించి కాపీ తీశాం. ఎడమ చెంప మీద పెద్ద మరక ఉండిపోయింది. మాలో ఒకరు, కృత్రిమ మేధతో ఆ చెంపను నింపేయవచ్చు, రెండు నిమిషాల పని అన్నారు. ఆవిడను అడిగాం. “వద్దు బాబూ. మరక ఉంటే ఉండనివ్వండి, ఆయన ముఖం ఆయనదిగా ఉంటే చాలు” అన్నారు.

ఆ రోజు నుంచి అదే మన నియమం. దుమ్ము, గీతలు, వెలిసిన రంగు సరిచేస్తాం. లేని కన్ను, లేని చెయ్యి గీసి ఇవ్వం. మొత్తం 58 కుటుంబాల ఫొటోలు మన చేతుల మీదుగా వెళ్లాయి. దక్కినవన్నీ కాపీ తీసి, కొత్త ప్రింటు, పాత ఫొటో రెండూ తిరిగి ఇచ్చాం. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు.

ఇక పోటీలు. సెప్టెంబరు తప్ప మిగిలిన పదకొండు నెలలూ జరిగాయి. విజేతల పట్టిక గది గోడ మీద ఉంది, ఇక్కడ మళ్లీ చదవను. మే నెలలో ఎండలకు తోడు 13న ఎన్నికలు రావడంతో బయటి నడక మానుకుని, గదిలోనే కిటికీ వెలుతురుతో మనుషుల ముఖాలు ఫొటో తీసే తరగతి పెట్టుకున్నాం. కొత్తగా చేరినవారికి ఫ్లాష్ లేకుండా పని చేయడం అలవాటైంది.

నవంబరు పోటీ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. మొదటి బహుమతి పొందిన కృష్ణా తీరం ఫొటోలో ఆకాశం వేరే చోటిదని తరువాత తేలింది. నీటిలో ప్రతిబింబించిన మబ్బులు, పైనున్న మబ్బులు ఒకటి కావని మన యువ సభ్యురాలొకరు పట్టుకున్నారు. తీసినవారు తప్పు ఒప్పుకుని బహుమతి తిరిగి ఇచ్చేశారు, ఆ తరువాతి నెల పోటీకి మళ్లీ ఫొటో పంపారు. వారి నిజాయితీని నేను గౌరవిస్తున్నాను. ఆ సంఘటన తరువాత నిబంధన స్పష్టం చేశాం. సృజనాత్మక విభాగంలో ఏ మార్పు అయినా చేసుకోవచ్చు, కానీ చేసినట్టు రాయాలి. ప్రకృతి, జనజీవనం విభాగాల్లో ఫ్రేములో లేనిది చేర్చకూడదు, ఉన్నది తీసేయకూడదు. అడిగితే రా ఫైలు, అంటే కెమెరాలో నమోదైన మార్చని అసలు ఫైలు, చూపాలి. సెలూన్లు అనే అంతర్జాతీయ ఛాయాచిత్ర పోటీల్లో ప్రకృతి విభాగానికి ఉన్న కట్టుబాటు కూడా ఇదే. పెద్దావిడ మాట విన్నాక ఈ నిబంధన గురించి సభలో ఎక్కువ వాదన జరగలేదు.

ఆగస్టు 19 ప్రపంచ ఛాయాచిత్ర దినోత్సవం. 1839లో అదే రోజున ఫ్రాన్స్‌లో వెండి పూత రేకు మీద ఫొటో తీసే డాగెరోటైప్ విధానాన్ని లోకానికి వెల్లడించారు. మన దగ్గర ఆ సాయంత్రం రాజా దీన్‌దయాళ్ గురించి ప్రసంగం జరిగింది. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, ప్రజా పనుల శాఖ ఉద్యోగం మాని కెమెరా పట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన మనిషి ఆయన. గాజు పలకల మీద తీసిన ఆయన నెగటివ్‌లు వేల సంఖ్యలో నేటికీ ఉన్నాయి. ఆ సాయంత్రం మనం వాటి వెలుగునీడల గురించే మాట్లాడుకున్నాం. రెండు వారాలకే వరద వచ్చింది. ఇప్పుడైతే వాటిని ఇన్నేళ్లు ఎవరు, ఎలా కాపాడారు అన్నది ముందు అడిగేవాణ్ణి.

జనవరిలో కైకలూరు దగ్గర, కొల్లేరు సరస్సులోని ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లాం. బుడమేరు చివరకు చేరేది కొల్లేరులోనే, కాబట్టి సెప్టెంబరులో మన వీధుల్లో నిలిచిన నీటికి గమ్యం ఆ సరస్సే. తెల్లవారుజామున మంచులో పడవ కదులుతుంటే ఎవరూ మాట్లాడలేదు. పెలికాన్లు అక్కడ అటవీ శాఖ పెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. ఆ ఇనుము ఫొటోను పాడుచేస్తోందని కొందరు బాధపడ్డారు. నాకు మాత్రం ఆ ఇనుమును దాచకుండా తీసిన ఫొటోలే ఎక్కువ నచ్చాయి. చెట్టు లేనిచోట పక్షి ఇనుము మీద పిల్లలను సాకుతోంది, అది కూడా కొల్లేరు కథే. గూటికి దగ్గరగా పడవ పోనివ్వకపోవడం, ఫోనులో పక్షుల కూతలు వినిపించి వాటిని రప్పించకపోవడం అందరూ పాటించారు. ఇకపై అలా తీసిన ఫొటోలు పోటీకి తీసుకోం.

ఫిబ్రవరిలో మంగళగిరి నేత ఇళ్లకు వెళ్లాం. గుంట మగ్గం ఉన్న గదికి ఒకటే కిటికీ. నేతగాడు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు కాబట్టి మనమూ నేల మీద కూర్చుంటే తప్ప ఆయన కళ్లు కనిపించవు. సెకనులో పదిహేనో వంతు షట్టరు వేగం పెట్టినవారికి, దారాన్ని అటూ ఇటూ మోసే నాడె పరుగు ఫొటోలోకి వచ్చింది. ఆ నెల పోటీలో ఒక మగ్గం ఫొటోకు న్యాయనిర్ణేతలు ముగ్గురూ మొదటి స్థానం ఇచ్చారు. ప్రింటు తీసుకెళ్లి ఆ నేతగాడికి ఇస్తే, ఆయన కాసేపు చూసి, “ఇక్కడ పడుగు పోగు తెగింది, ముడి వేయబోతున్నాను, ఆ లోపే తీశారు” అన్నారు. వేలితో చూపిస్తే గాని మాలో ఎవరికీ కనిపించలేదు. ఇకపై ఏ వృత్తి మీద పోటీ పెట్టినా, ఆ వృత్తివారు ఒకరు న్యాయనిర్ణేతల్లో ఉండాలని ప్రతిపాదిస్తున్నాను.

మార్చిలో జరిగిన వార్షిక ప్రదర్శనలో ఒక గోడ వరద నుంచి దక్కిన ఫొటోలకు ఇచ్చాం, వాటి యజమానుల అనుమతితో. మిగిలిన గోడల మీద మన బహుమతి ఫొటోలు ఉన్నాయి. జనం ఎక్కువసేపు నిలబడింది ఏ గోడ దగ్గరో వచ్చినవారికి తెలుసు. ఒకాయన తన పెళ్లి ఫొటో చూసుకోవడానికి మూడు రోజులూ వచ్చారు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. ట్రేలు, కాగితం, సిరా ఖర్చులతో ఈ ఏడాది మిగులు లేదు. ప్రదర్శనకు దాచిన సొమ్ములో కొంత ఇందుకే వాడాం. మీ అనుమతి ముందుగా తీసుకోలేదు, సమయం లేకపోయింది. ఇప్పుడు ఆమోదం కోరుతున్నాను.

సభ ముందు మరో రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. కొన్నేళ్లుగా పోటీలన్నీ తెర మీదే నడుస్తున్నాయి. జూలై నుంచి ప్రతి పోటీలో ప్రింటు విభాగం ఉండాలి, 12 అంగుళాలకు 18 అంగుళాల కొలతలో. వరదలో ఫోను పోయినవారికి ఫొటోలన్నీ ఒక్కసారిగా పోయాయి. బీరువాలో కాగితం మాత్రమే ఉన్నవారికీ చాలా పోయాయి. అమ్మాయి అత్తవారింట్లో ఇంకో కాపీ ఉన్నవారికి మాత్రం దక్కాయి. అందుకే రెండో ప్రతిపాదన: ప్రతి సభ్యుడూ ఈ ఏడాది తన వీధిలో ఒక పెద్దవారి ఇంటికి వెళ్లి, వారి పాత ఫొటోలు కాపీ తీసి, ఒక ప్రింటు వారికి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న వారి పిల్లలకు చేర్చాలి. దీనికి పోటీ లేదు, మార్కులు లేవు.

చివరగా ఒక విన్నపం. ఎవరివో తెలియని ఫొటోలు ముప్పై ఏడు ఇంకా మన గది బీరువాలో ఉన్నాయి. బురదలో దొరికినవి, ఆల్బం నుంచి విడిపోయినవి. వాటిలో ఒకటి నలుపు తెలుపు ఫొటో. ప్రకాశం బ్యారేజీ రెయిలింగుకు ఆనుకుని ఇద్దరు అమ్మాయిలు నిలబడ్డారు, రెండు జడలు, ఒకరి చేతిలో గొడుగు. వెనక పెన్సిలుతో “చిన్నక్క, నేను” అని రాసి ఉంది. ఆదివారాల్లో ఉదయం పది నుంచి పన్నెండు దాకా గది తెరిచే ఉంటుంది. సింగ్ నగర్ వైపు బంధువులు ఉన్నవారు దయచేసి వారిని ఒకసారి తీసుకురండి.

కార్యదర్శి