తమ్ముడి పొట్ట గురించి

అమ్మలూ,

నీ మెసేజ్ మూడుసార్లు చదివాను. పాలు, గోధుమ పూర్తిగా మానిపిస్తే ఆటిజం తగ్గి తమ్ముడికి మాటలొస్తాయని ఎవరో చెప్పారన్నావు. వాడి మీద ప్రేమ కొద్దీ అడిగావని తెలుసు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చేసే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

వాడికి ఆరేళ్లప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. రాత్రి రెండింటికి లేచి, సోఫా చేతి మీద బోర్లా పడి పొట్టని గట్టిగా నొక్కుకునేవాడు. లేపబోతే నా చెయ్యి కొరికేవాడు. "ఆటిజం పిల్లలు ఇలాగే చేస్తారమ్మా" అని ఒక డాక్టరు అంటే నమ్మేశాను. అలా నాలుగు నెలలు గడిచాయి. తర్వాత చూపించిన డాక్టరమ్మ వాణ్ని పడుకోబెట్టి పొట్ట తడిమి చూసింది. నా వేళ్లు పట్టుకుని ఎడమవైపు కింద పెట్టింది. గట్టిగా, ఉండలుగా తగిలింది. మలబద్ధకం. మందు మొదలుపెట్టిన రెండు వారాలకి తెల్లవార్లూ నిద్రపోయాడు, కొరకడం మానేశాడు. మాటలు రాలేదు, చేతులు ఊపడం అలాగే ఉంది. నొప్పి మాత్రం పోయింది. నాలుగు నెలలు వాడు తనకి చేతనైనట్టు చెబుతూనే ఉన్నాడు, నాకే అర్థం కాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కడుపుకీ మెదడుకీ సంబంధం ఉన్నమాట నిజమే. వేగస్ నరం ఆ రెంటినీ కలుపుతుంది. మెదడు కూడా వాడుకునే సెరటోనిన్ అనే రసాయనం ఒంట్లో ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. 2014లో అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఆటిజం ఉన్న పిల్లల్లో పొట్ట సమస్యలు మిగతా పిల్లల కంటే నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. పేగుల్లోని సూక్ష్మజీవుల్లో కూడా తేడా కనిపిస్తుంది. కానీ ఏది ముందు, ఆ తేడా వల్ల ఆటిజమా, ఆటిజం వల్ల ఆ తేడానా? మొదటిదే అని చాలామంది అనుకుంటారు. 2021లో ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లల్ని చూసినవాళ్లు దీన్ని తిరగేసి చెప్పారు. ఆటిజం వల్ల పిల్లలు కొన్ని రకాలే తింటారు, తిండిలో రకాలు తగ్గితే సూక్ష్మజీవుల్లోనూ రకాలు తగ్గుతాయి అని. మన ఇంట్లో చూస్తున్నదాన్ని బట్టి నాకు ఈ మాటే సబబుగా తోస్తుంది.

ఆశ ఎంత పని చేస్తుందో కూడా విను. 1998లో సెక్రెటిన్ అనే జీర్ణ హార్మోన్ ఎక్కిస్తే పిల్లలు బాగవుతున్నారని వార్త వచ్చింది. తల్లిదండ్రులు ఎగబడ్డారు. మరుసటి ఏడాది పరీక్ష పెట్టి చూస్తే, ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించిన పిల్లల్లోనూ అంతే మార్పు కనిపించింది. ఆ అమ్మానాన్నలు అబద్ధం చెప్పలేదమ్మా. అంత గట్టిగా ఎదురుచూశారు.

తమ్ముడు తినేవే ఆరు రకాలు. అందులో మూడింటిలో పాలో గోధుమో ఉంటాయి. అవి లాగేస్తే పిల్లాడు ఏం తిని బతకాలి? పాలు పడటం లేదని పరీక్షలో తేలితే ఆ రోజే మానిపిస్తాను. మాటల కోసమని మాత్రం వాడి కంచంలోంచి తియ్యను.

వచ్చే నెల వారం రోజులు వాడు నీ దగ్గరే కదా. నీళ్ల బాటిల్ ఎదురుగా ఉంచు, అడగడు, కనిపిస్తే తాగుతాడు. టాయిలెట్ మీద కూర్చున్నప్పుడు కాళ్ల కింద చిన్న పీట వెయ్యి. వెళ్లిన రోజు క్యాలెండర్‌లో టిక్కు పెట్టు. రాత్రి లేచి పొట్ట నొక్కుకుంటుంటే గదమకు, ముందు క్యాలెండర్ చూడు. మూడు రోజులు టిక్కు లేకపోతే ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి.

అమ్మ