బుజ్జీకి, నలభై ఎనిమిది పువ్వుల సంగతి

పాలకొల్లు
ఆదివారం మధ్యాహ్నం

ఒసేయ్ బుజ్జీ,

ఎలా ఉన్నావే? ఫోన్‌లో అయితే నువ్వే మాట్లాడతావు, నాకు సందు దొరకదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. దీనితో పాటు చిన్న పార్శిల్ కూడా వస్తుంది. ఉత్తరం మొత్తం చదివాకే విప్పు. నువ్వు వినవని తెలుసు, అయినా చెప్పడం నా ధర్మం.

మొన్న ఎండలు బాగా కాస్తున్నాయని అమ్మ ఇచ్చిన ట్రంకు పెట్టెని మేడ మీదకి ఎక్కించి బట్టలన్నీ ఎండకేశాను. అడుగున నా కుట్లూ అల్లికలూ బయటపడ్డాయి. అమ్మ పాత నేత చీరలతో నేను మొదలుపెట్టిన బొంత, మూడు వైపులా అంచు కుట్టి నాలుగో వైపు వదిలేశాను. గులాబీల దిండు గలీబులు రెండు, ఒకదానికి ఆకులున్నాయి, రెండోదానికి లేవు. కొంగుకి సగం దాకా కుచ్చులు వేసిన పట్టుచీర. ఇక లేసు పువ్వులైతే ఒక పాత బిస్కెట్ల డబ్బా నిండా. మా ఆయన అటుగా వచ్చి చూసి, "వీటిలో పూర్తయినవి ఏవి?" అన్నారు. నేను మాట్లాడలేదు. ఆయన నవ్వుకుంటూ కిందకి దిగిపోయారు. ఆ నవ్వుకి ఒళ్ళు మండింది బుజ్జీ. సాయంత్రం దాకా మండుతూనే ఉంది.

మొదలుపెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని నీకు తెలుసుగా. కొత్త దారం ఉండ చేతికి వచ్చిన రోజు అన్నం కూడా గుర్తుండదు. మధ్యలో కూడా బానే ఉంటుంది. చెయ్యి దానంతటదే పోతుంటుంది, టీవీ చూసుకోవచ్చు, పక్కింటావిడతో కబుర్లాడుకోవచ్చు. చిక్కంతా చివర్లోనే. మిగిలిన దారం తోకలు అల్లికలోకి దోపాలి, ఉతకాలి, గంజి పెట్టాలి, కొలతలు చూడాలి, అంచు మడవాలి. ఒక్కటీ కబుర్లాడుతూ అయ్యే పని కాదు. ఇన్నాళ్ళూ ఇదంతా నా బద్ధకమే అనుకున్నాను.

బద్ధకం కాదని చెప్పింది మా వీధి చివరింటి మామ్మ. ఆవిడ పుట్టి పెరిగింది నరసాపురం పక్కన సీతారామపురంలో, ఇప్పుడు లేసు పార్కు ఉన్న ఊరు. చిన్నప్పటి నుంచీ లేసు పనే. నువ్వు ఈ వైపు పిల్లవి కాదు కాబట్టి చెప్తున్నాను. 1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి ఈ అల్లిక నేర్పారని చెప్తారు. అక్కడ మొదలై పల్లె పల్లెకీ పాకింది. గడప దాటని ఆడవాళ్ళు వసారాల్లో కూర్చుని అల్లినవి ఓడలెక్కి దేశాలు దాటిపోయాయి. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనని ప్రభుత్వం వేసే ముద్ర. మామ్మకి ఆ సంగతి చెప్తే, "అయితే కూలి పెంచుతారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంతకీ మామ్మ చెప్పింది ఏమిటంటే, వాళ్ళలో పువ్వులు అల్లేవాళ్ళు వేరు, అతుకుపని చేసేవాళ్ళు వేరు. కొన్ని ఇళ్ళల్లో పువ్వులు మాత్రమే తయారవుతాయి. అవన్నీ పోగుపడి ఇంకొకరి ఇంటికి వెళ్తాయి, అక్కడ వాటిని అతికి గుడ్డ చేస్తారు. ఉతుకూ గంజీ ఇస్త్రీ మళ్ళీ ఇంకో చోట. మామ్మ జన్మంతా అతుకుపనే. "పువ్వు అల్లడానికేముందమ్మా, చిన్నపిల్లలూ అల్లుతారు. పది ఇళ్ళల్లోంచి వచ్చినవి ఒక్క చెయ్యి అల్లినట్టు కనపడాలి, అదీ పని" అంది. అంటే చూడు, నలుగురు పంచుకునే పనిని నేనొక్కదాన్నే చేయబోయి రెండో మనిషి వంతు రాగానే చతికిలబడుతున్నానన్నమాట! ఇదే మాట మా ఆయనకి గర్వంగా వినిపించాను. "మరి ఆ రెండో మనిషిని ఎప్పుడు పిలుస్తావు?" అన్నారు. ఈయనతో గెలవలేం.

సరే, ఆ రెండో మనిషిని పిలిచాను. మామ్మని కూర్చోబెట్టుకుని డబ్బా బోర్లించాను. నలభై ఎనిమిది పువ్వులు. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఆరు, మా బల్లకి సరిపోతుందని లెక్క. ఒక్కోటి నాలుగంగుళాలు ఉండాలి. స్కేలు పెట్టి చూస్తే కొన్ని నాలుగూ పావు, కొన్ని మూడూ ముప్పావు. ఒకే సూది, ఒకే దారం, ఒకే చెయ్యి! మామ్మ వాటిని వేళ్ళతో నొక్కి చూసి, "ఇవి ఏదో దిగులులో అల్లావు, గట్టిగా బిగిశాయి" అని ఒక పక్కకి తోసింది. అవి మా వాడి ఇంటర్ పరీక్షలప్పటివే! పిల్లాడి టెన్షన్ అంతా నా దారంలోకి ఎక్కింది. వదులుగా ఉన్నవన్నీ సీరియల్ చూస్తూ అల్లినవి, అది మామ్మ చెప్పక్కర్లేకుండానే నాకు తెలుసు.

పావంగుళం తేడా ఏముందిలే అనుకుంటాం కదా. వదులువన్నీ ఒక వరసలో పడితే ఎనిమిది పావులు రెండంగుళాలు, బిగువువన్నీ పక్క వరసలో పడితే అటు ఇంకో రెండంగుళాలు. గుడ్డ కాస్తా అప్పడంలా అలలు తిరుగుతుంది. మామ్మ ఉపాయం ఏమిటంటే, పెద్దవీ చిన్నవీ కలిపి నేల మీద పేర్చి, ఏ వరస కొలిచినా మొత్తం ఒకటే వచ్చేలా సర్దడం. పేకముక్కల్లా అటూ ఇటూ మార్చడానికే ఒక పూట పట్టింది. తర్వాత ఉతికి, తడి మీద సాగదీసి గుండుసూదులతో బిగించాలి. పాత పరుపు మీద చార్టు పరిచి, నాలుగంగుళాల గళ్ళు గీసి, దాని మీద తెల్ల గుడ్డ వేసి, ఒక్కో గడిలో ఒక్కో పువ్వు గుచ్చాను. సూదులు చాలక మూడు విడతలుగా చేశాను.

ఇక్కడే ఒక ఘనకార్యం చేశాను, నవ్వకు. మొదటి విడతలో ఇంట్లో ఉన్న మామూలు గుండుసూదులే గుచ్చేశాను. ఆ రోజు మబ్బు పట్టి తెల్లారేదాకా ఆరలేదు. తీసి చూస్తే పువ్వు పువ్వుకీ చుట్టూ తుప్పు చుక్కలు! ఏడుపొచ్చింది. మామ్మ మాత్రం తొణకలేదు. నిమ్మరసంలో ఉప్పు కలిపి చుక్కల మీద రాసి ఎండలో పెట్టమంది. ఆరితే మళ్ళీ రాయాలి. మూడు సార్లు రాసేసరికి చాలావరకు పోయాయి. ఒక్కటి గుర్తు పెట్టుకో, ఇది తెల్ల నూలు మీదే. రంగు దారం ఉంటే నిమ్మరసం ఆ రంగునీ తినేస్తుంది. మిగతా రెండు విడతలకీ స్టీలు సూదులు కొన్నాను.

గంజి మాటకొస్తే, నేను అన్నం గంజి పట్టుకొస్తే మామ్మ వద్దంది. అది లేసు సందుల్లో తెల్లగా అట్ట కడుతుందట. సగ్గుబియ్యం మంచిదట. రెండు గ్లాసుల నీళ్ళలో చెంచాడు సగ్గుబియ్యం వేసి, గింజ కనపడకుండా కరిగేదాకా కాచి, వడకట్టి, చల్లారాక ముంచాలి. అద్దంలా నిలబడింది. కానీ వాడుకునేటప్పుడే పెట్టాలి సుమా. గంజితో మడిచి పెట్టెలో దాస్తే పురుగులకి విందు భోజనం పెట్టినట్టే.

తోకల గురించి చెప్పకపోతే నా కష్టం నీకు తెలియదు. పువ్వుకి మొదట్లో ఒక పోగు, చివర ఒక పోగు. నలభై ఎనిమిది రెళ్ళు తొంభై ఆరు తోకలు! నేను ఎప్పుడూ ముడి వేసి కత్తిరించేసేదాన్ని. అందుకే కదూ, మొదటి ఉతుకుకే నావి ఊడిపోయేవి. మొండి సూదికి ఎక్కించి, అల్లికలోంచి అంగుళం మేర దోపి, అక్కడి నుంచి వెనక్కి తిప్పి మళ్ళీ కాస్త దోపాలి. ఉతికాకే చివర కత్తిరించాలి, ఎందుకంటే నీళ్ళలో గుడ్డ సర్దుకునేటప్పుడు పోగు లోపలికి లాక్కుంటుంది. రోజుకి పన్నెండు చొప్పున ఎనిమిది రోజులు ఇదే పని. ఇంకోసారి అల్లితే పువ్వు చివరి వరసలోనే పక్క పువ్వుకి తగిలించుకుంటూ పోతాను, అతికే బాధా తగ్గుతుంది, అతుకు దారం తోకలూ తగ్గుతాయి. ఈ ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

మొత్తానికి అయింది. బల్ల మీద పరిచి మామ్మని పిలిస్తే, ఆవిడ పైన కన్నెత్తి చూడలేదు. కొస పట్టుకుని తిరగేసి వెనక వైపు చూసింది. చూసి, ఊఁ అంది. ఆ ఊఁ కోసం నేను వారం రోజులు ఒళ్ళు మరిచిపోయాను.

గలీబుల కథ ఇంత బాగా ముగియలేదు. గులాబీలకి వాడిన ఎర్ర దారం చవగ్గా వస్తే కొన్నది. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు దిగదంటారు కదా, నానబెట్టాను. దిగింది. బకెట్టంతా కుంకం నీళ్ళే. ఆరనివ్వకుండా చల్లనీళ్ళు మార్చి మార్చి జాడిస్తే తెల్ల గుడ్డ లేత గులాబీ రంగు దగ్గర ఆగింది. ఇప్పుడు చూసినవాళ్ళు "రంగు గుడ్డ మీద భలే కుట్టావే" అంటున్నారు, నేను ఔనంటున్నాను. కుట్టడం మొదలుపెట్టే ముందే ఆ దారం ముక్కని తడి తెల్ల గుడ్డ మీద రుద్ది చూసుకుంటే అయిపోయేది. ఇస్త్రీ మాత్రం బాగా కుదిరింది. టర్కీ టవల్ మడతేసి, దాని మీద పువ్వు కిందకి వచ్చేలా బోర్లించి వెనక నుంచి చేశాను. గులాబీలు ఉబ్బుగా నిలబడ్డాయి.

బొంత నాలుగో వైపు ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు తెలిసింది. నాలుగు చీరలు మడతలు పరిచి కుట్టుకుంటూ ఒక కొస నుంచి రెండో కొసకి పోయాను. పై పొర జరుగుతూ జరుగుతూ వచ్చి చివర్లో జానెడు మిగిలింది. అమ్మ అయితే నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, మధ్య నుంచి బయటికి పెద్ద పెద్ద టాకాలు వేశాకే అసలు కుట్టు మొదలుపెట్టేది. ఇప్పుడంతా విప్పే ఓపిక ఎక్కడిది? మిగిలిన జానెడూ మడిచి, దాని మీద అమ్మ వెంకటగిరి చీర అంచు పట్టీలా వేసి కుట్టేశాను. ఒక వైపు లావుగా ఉంది. అదే తలవైపు అని ఇంట్లో అందరికీ చెప్పాను.

ఇక పట్టుచీర. నిజం చెప్తున్నా, కుచ్చులు నేను వేయలేదు. పట్టు పోగు జారిపోతుంటుంది, ముడి ఒకటి పైకీ ఒకటి కిందకీ వస్తుంది. ముప్పై ముడులు వేసి కళ్ళు కాయలు కాచాక కుచ్చులు వేసే అమ్మాయికి ఇచ్చేశాను. రెండు రోజుల్లో వేసిచ్చింది, పూసలు కూడా పెట్టి. డబ్బులిచ్చి చేయించుకుంటే అది చేతిపని కాకుండా పోతుందా ఏమిటి? అదీ ఒక చెయ్యేగా. ఫాల్ మాత్రం నేనే కుట్టుకున్నాను. ఫాల్ గుడ్డని ముందు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టావా లేదా అని నువ్వు అడుగుతావు, నీ గొంతు వినపడుతోంది. పెట్టాను తల్లీ, పెట్టాను.

ఇప్పుడు పార్శిల్ సంగతి. పెట్టెలో అన్నిటికంటే అడుగున ఒక పాత వార్తాపత్రిక మడతలో ఏం దొరికిందో తెలుసా? నీ నెమలి! హాస్టల్లో ట్రేసింగ్ కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో నీలిమందు కలిపి గుడ్డకి అద్దాం చూడు, వార్డెన్ వాసన పట్టి గదంతా వెతికింది, ఆ నెమలి. మెడ అయింది, ఒళ్ళయింది, తోకలో మూడు ఈకలకి గీత తప్ప దారం లేదు. ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు "నువ్వు పూర్తి చెయ్యవే" అని నా ఒళ్ళో పడేసి వెళ్ళావు. ఎవరికి అప్పగించావో చూసుకోవద్దూ! నీ సూది ఇన్నేళ్ళూ ఆ మూడో ఈక దగ్గర గుచ్చినట్టే ఉంది, తుప్పు పట్టి. తీస్తుంటే రెండు ముక్కలైంది. మరకకి నిమ్మరసం రాశాను, నీలం దారానికి తగలకుండా అగ్గిపుల్లకి దూది చుట్టి. కొంచెం మిగిలే ఉంది, ఈక మీద కుడితే కనపడదు.

ఆ మూడు ఈకలూ నేనే కుట్టేద్దామని దారం ఎక్కించాను కూడా. రెండు కుట్లు వేసి విప్పేశాను. నీ కుట్టు వదులుగా, కాస్త ఎడమకి వాలి ఉంటుంది. నాది బిగువు. పక్కపక్కన పెడితే నెమలికి వేరే పక్షి తోక అతికించినట్టుంది. మామ్మకి చూపిస్తే నా మాటే అంది. అందుకని ఈకల జోలికి పోకుండా నాలుగు వైపులా అంచు మడిచి చేత్తో హెమ్మింగ్ చేసి, చుట్టూ సన్న లేసు అల్లి వేశాను. అంతా తలకిందులు చేశాననుకో, చివర చేసే పని అయిపోయింది, మధ్య పని ఉండిపోయింది. నీలం, ఆకుపచ్చ దారాలు లోపల పెట్టాను. రంగు దిగుతాయేమో రుద్ది చూశాకే పెట్టాను. కొత్త సూది కూడా ఉంది, గుడ్డకి గుచ్చలేదు, కాగితంలో చుట్టి పక్కన పెట్టాను. విప్పేటప్పుడు చూసుకో, వేలికి గుచ్చుకుంటుంది.

నీ
చిట్టి