ఐదు మెట్లు ఎక్కలేక ఆగిపోతున్న అమ్మల కోసం: గురువారం కూడిక గదికి విరాళాల విజ్ఞప్తి

సంఘ సభ్యులందరికీ, ఈ సంఘంలో పెరిగి వేరే ఊళ్ళలో స్థిరపడినవాళ్ళకూ ప్రభువు నామంలో వందనాలు.

గురువారం పదకొండింటికి సికింద్రాబాద్‌లో మెట్టుగూడ వైపున్న మన చర్చి గేటులోంచి లోపలికొస్తే, పాత సండే స్కూల్ గది ముందు చెప్పుల వరస, గోడకు ఆనించిన నాలుగైదు చేతికర్రలు కనిపిస్తాయి. లోపల బైబిలు చదివే కూడికకు వచ్చిన ముప్పై మంది దాకా ఆడవాళ్ళు. నర్సులుగా, టీచర్లుగా చేసి రిటైరైనవాళ్ళున్నారు, రైల్వే ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళున్నారు. ఇంట్లో ఆయన రిటైరైతే తామూ రిటైరైనట్టేననుకుని, తీరా చూస్తే వంటింటికి రిటైర్మెంటే లేదని తెలుసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఉప్పల్, మౌలాలి, తార్నాకల నుంచి బస్సుల్లో వస్తారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాకే ఈ సంఖ్య ఇంత పెరిగింది. అలా మిగిలిన బస్సు ఛార్జీని ఒక పెద్దమ్మ హార్లిక్స్ సీసాలో వేయడం మొదలుపెట్టింది. ఆ సీసా ఇప్పటికి చాలాసార్లు నిండింది.

ఈ కూడిక మొదలైంది ఒక ఫిర్యాదుతో. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి డ్యూటీలు చేసిన ఒక సిస్టరమ్మ, 61 నిండి శాలువా కప్పించుకుని ఇంటికొచ్చిన కొన్ని నెలలకు మన పాస్టరు అయ్యగారి దగ్గరికొచ్చి ఇలా చెప్పింది: "ఇన్నేళ్ళూ ఆరాధన సగంలో వచ్చి, సగంలో లేచి వెళ్ళాను. ఇప్పుడు కావలసినంత టైముంది. కానీ మోకరిస్తే రెండు నిమిషాల్లో మాటలైపోతున్నాయి. నా ప్రార్థన ఇంకా డ్యూటీకి పరిగెత్తుతూనే ఉందయ్యగారూ." ఆయన వెంటనే ఏమీ చెప్పలేదట. వచ్చే గురువారం మరో ఇద్దరిని వెంటబెట్టుకు రమ్మన్నారు.

అక్కడ ప్రసంగం ఉండదు. బైబిల్లో ఒక గ్రంథం తీసుకుని మొదటి అధ్యాయం నుంచి చివరిదాకా తలా కొంచెం పైకి చదువుతారు. చదివాక పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. మొదట్లో ఆ పది నిమిషాలే అందరికీ కష్టంగా ఉండేది, ఎవరో ఒకరు దగ్గేవాళ్ళు, ఇంకెవరో పాట ఎత్తుకునేవాళ్ళు. ఇప్పుడు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఫోన్లో పొద్దస్తమానం ప్రసంగాలు వినేవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి వాటిని తీసిపారేయను. కాకపోతే ఈ గదిలో పోయిన వారం మోకాలి నొప్పి కోసం ప్రార్థన చేయించుకుంటే, ఈ వారం ఎలా ఉందని అడిగే మనిషి పక్కనే కూర్చుని ఉంటుంది.

కీర్తనలు చదువుతున్న రోజుల్లో 88వ కీర్తన ఒకావిడ వంతుకు వచ్చింది. ఆమె భర్త పోయి అప్పటికి ఏడాది కాలేదు. క్రైస్తవురాలివి, నిరీక్షణ లేనివాళ్ళలా ఏడవకూడదని చుట్టాలందరూ చెప్పి చెప్పి ఆమె నోరు కట్టేశారు. ఆ కీర్తన మాత్రం చివరిదాకా ఓదార్పు మాట లేకుండా చీకట్లోనే ముగుస్తుంది. ఆమె చదవడం ఆపి, వేలు అక్కడే ఉంచి, "ఇదీ బైబిల్లోనే ఉందా?" అని అడిగింది. ఉందమ్మా అన్నారు పక్కావిడ. ఆ రోజు ఆమె ఏడ్చింది, ఎవరూ ఆపలేదు. ఇప్పుడు కొత్తగా భర్తను పోగొట్టుకున్నవాళ్ళింటికి మన సంఘం తరఫున ముందు వెళ్ళేది ఆమే.

అన్నీ ఇలా బరువుగానే ఉంటాయనుకోకండి. లూకా రెండో అధ్యాయంలో దేవాలయం విడువని 'అన్న' అనే ప్రవక్త్రి దగ్గరికి వచ్చేసరికి పెద్ద వాదమే జరిగింది. ఆమె వయసు 84 ఏళ్ళా, విధవగా ఉన్నదే 84 ఏళ్ళా? రెండోదే అయితే, కాపురం చేసిన ఏడేళ్ళు, పెళ్ళినాటి వయసు కలిపి నూరు దాటాలని రిటైరైన లెక్కల టీచరు బోర్డు మీద కూడి చూపించింది. మూలంలోని మాటకు రెండు అర్థాలూ వస్తాయని అయ్యగారు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. "నూరు దాటిన మనిషి రాత్రింబగళ్ళు గుళ్ళో ఉందంటే, అక్కడ ఇన్ని మెట్లు ఉండి ఉండవు" అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. కమిటీ వాళ్ళం తల దించుకున్నాం.

ఎందుకంటే ఆ గదికి ఐదు మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. జూలై వానల్లో ఒక సహోదరి మూడో మెట్టు మీద జారింది. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. రైలింగు పెట్టిస్తామని అంతకు రెండేళ్ళ ముందే మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం. తప్పు మాదే. ఆ తర్వాత నలుగురైదుగురు రావడం మానేశారు, అడిగితే ఇంట్లో పనుందంటున్నారు. బాత్‌రూం సంగతి వాళ్ళు పైకి చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను: కింద కూర్చునే రకం కావడంతో చాలామంది గురువారం పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగకుండా వస్తున్నారు.

మేస్త్రీ వేసిన అంచనా ఇదీ. మెట్ల పక్కన ర్యాంపుకు, స్టీలు రైలింగుకు 1,40,000 రూపాయలు. బాత్‌రూంలో వెస్టర్న్ కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీలు, జారని టైల్స్, అన్నీ కలిపి 95,000. బల్లల బదులు చేతులున్న కుర్చీలు నలభై, 60,000. పెద్దక్షరాల బైబిళ్ళకు, లైట్లకు 45,000. మొత్తం 3,40,000. సీసా డబ్బులు, ఎండాకాలంలో స్త్రీల సమాజం అమ్మిన ఆవకాయ డబ్బులు కలిపి 62,000 చేతిలో ఉన్నాయి. ఇంకా 2,78,000 కావాలి.

ఆవకాయ గురించి ఒక మాట. కోత పండుగొచ్చినా క్రిస్మస్ వచ్చినా వంటశాలలోనే ఉండిపోయి ఏనాడూ ప్రసంగం పూర్తిగా వినని ఆడవాళ్ళు ఈ కూడికలో ఎక్కువమంది. వాళ్ళు కూర్చునే గది కోసం మళ్ళీ వాళ్ళచేతే కారం కలిపించారా అని ఒకావిడ మమ్మల్ని బాగానే దులిపింది. అందుకే ఈసారి పచ్చళ్ళు పెట్టించడం లేదు, మిమ్మల్ని అడుగుతున్నాం. ముఖ్యంగా ఆ భోజనాలు తిన్న మగవాళ్ళను.

ఎంతైనా ఇవ్వవచ్చు. ఒక కుర్చీకి 1,500 అవుతుంది. గోడ మీద దాతల పేర్ల రాయి పెట్టాలా వద్దా అని కమిటీలో గంటసేపు తర్జనభర్జన జరిగి, వద్దనే తేలింది. ఆ రాయి డబ్బులతో ఇంకో రెండు కుర్చీలొస్తాయి. మనకు 80జీ లేదు, కాబట్టి పన్ను మినహాయింపు రాదు. విదేశాల్లో ఉన్న పిల్లలు కొంచెం గమనించాలి: విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ మనకు లేదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే తీసుకోగలం. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డున్నా సరే, దయచేసి పంపవద్దు. వాళ్ళు ఇక్కడున్న అమ్మకు వారం వారం ఫోన్ చేసి గురువారం వెళ్ళావా అని అడిగితే చాలు.

ఆదివారం ఆరాధన తర్వాత కోశాధికారి వరండాలో బల్ల దగ్గర ఉంటారు. రసీదు లేకుండా ఎవరి చేతికీ డబ్బు ఇవ్వకండి, కమిటీ వాళ్ళైనా సరే. జమాఖర్చులు ప్రతి నెలా మొదటి ఆదివారం నోటీసు బోర్డులో పెడతాం. క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మొదలయ్యేలోగా ర్యాంపు, బాత్‌రూం పూర్తి చేయాలని అనుకుంటున్నాం. పని జరిగినన్నాళ్ళూ కూడిక చర్చి లోపలే, పక్క తలుపు వైపు. అక్కడ ఒకటే మెట్టు, దాని దగ్గర ఇద్దరు యూత్ పిల్లలు నిలబడి చెయ్యందిస్తారు. వచ్చేవాళ్ళు కళ్ళజోడు మర్చిపోకండి, పెద్దక్షరాల బైబిళ్ళు రావడానికి ఇంకా టైముంది.

సంఘ కమిటీ తరఫున,
స్త్రీల సమాజం కార్యదర్శి