తొలి ప్రసంగంలో తేదీ చెప్పండి: సమాచార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సమాచార, పౌర సంబంధాల శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. పాలకులు మారినప్పుడు గాని, ఉపద్రవం వచ్చి పడినప్పుడు గాని జనానికి ధైర్యం చెప్పే తొలి ప్రసంగం ఎలా ఉండాలన్న విషయమై తమకు ఒక విన్నపం చేసుకుంటున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. మర్నాడు సాయంత్రం, పడిన చెట్లను నరికి తీసిన దారిలో ఒక జీపు వచ్చి, "ఎవరూ భయపడవద్దు, ప్రభుత్వం అండగా ఉంది" అని మైకులో చెప్పి వెళ్లిపోయింది. మా పక్కింటి మామ్మ కిరసనాయిలు బుడ్డి పట్టుకొని అరుగు మీద నిలబడి అంతా విని, "కరెంటెప్పుడొస్తాదో సెప్పనేదేటి బాబూ?" అని నన్నడిగింది. కరెంటు లేనిదే మోటారు ఆడదు, మోటారు ఆడనిదే కుళాయి రాదు. కిడ్నీ జబ్బుతో నలిగిపోయిన ప్రాంతంలో మంచినీటి కోసం పడే ఆరాటం ఎటువంటిదో తమకు తెలియనిది కాదు. కొన్నాళ్లకు ఒక లైన్‌మన్ వచ్చి, "ఎల్లుండి సాయంత్రానికి మీ వీధికి ఇస్తాం" అన్నాక గాని మామ్మ మనసు కుదుటపడలేదు. నిజానికి కరెంటు ఇంకో రోజు ఆలస్యమైంది. అయినా స్తంభాలు అందలేదని ఆ సాయంత్రమే అతను మళ్లీ వచ్చి చెప్పినందువల్ల ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు.

ఇన్నేళ్లు నేను పాఠంగా చెప్పిన ప్రసంగాలను ఆ తర్వాత మళ్లీ చదివితే, అంతవరకు దాటేసిన భాగాలే నాకు ముఖ్యమనిపించాయి. 1948 జనవరి 30 రాత్రి రేడియోలో నెహ్రూ వెలుగు ఆరిపోయిందన్న మాట అందరికీ గుర్తే. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో తనకు తెలియడం లేదని కూడా ఆయన దాచకుండా అన్నారు. అదే ప్రసంగంలో, మర్నాడు పదకొండున్నరకు బాపూజీ పార్థివదేహం బయలుదేరుతుందని, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో యమున ఒడ్డున దహనం జరుగుతుందని, జనం ఎక్కడ నిలబడాలో కూడా చెప్పారు. స్వాతంత్ర్యం వచ్చి ఆరు నెలలైనా నిండని దేశంలో, దుఃఖంలో ఉన్న జనానికి మర్నాడు ఏం చేయాలో తెలిసింది.

అమెరికాలో రూజ్‌వెల్ట్ 1933 మార్చి 4న అధ్యక్ష పదవి చేపట్టేనాటికి జనం డబ్బు తీసుకోవడానికి ఎగబడి బ్యాంకులు మూతపడుతున్నాయి. మార్చి 12 ఆదివారం రాత్రి ఆయన రేడియోలో, మీరు దాచిన సొమ్మును బ్యాంకు పెట్టెలో ఉంచదని, అప్పులుగా తిప్పుతుందని, అందువల్ల అందరూ ఒకేసారి అడిగితే ఇవ్వజాలదని సామాన్యుడికి అర్థమయ్యేలా విడమరిచారు. సోమవారం, ఆ దేశపు కేంద్ర బ్యాంకు వ్యవస్థకు చెందిన ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులున్న 12 నగరాల్లో, మంగళవారం మరికొన్ని నగరాల్లో, ఆ తర్వాత చిన్న ఊళ్లలో బ్యాంకులు తెరుస్తామని వరస చెప్పారు. ప్రతి బ్యాంకూ తెరుచుకుంటుందని మాత్రం మాట ఇవ్వలేదు. మర్నాడు జనం తాము తీసిన డబ్బును తిరిగి జమ చేయడానికి వరసల్లో నిలబడ్డారు.

మన తెలుగువారు పీవీ నరసింహారావు గారు 1991 జూన్ 21న ప్రధాని అయ్యారు. రాజీవ్ గాంధీ హత్య జరిగి సరిగ్గా నెల, పార్లమెంటులో పూర్తి మెజారిటీ లేదు, విదేశీ మారకం కొన్ని వారాల దిగుమతులకే సరిపోతుంది. ఆ మరుసటి రోజే జాతినుద్దేశించి మాట్లాడుతూ, ఆర్థిక వ్యవస్థ సంక్షోభంలో ఉందని, జాప్యానికి వ్యవధి లేదని సూటిగా చెప్పారు. జూలై మొదటివారంలో రూపాయి విలువ తగ్గించినప్పుడు, గడ్డుకాలమన్న సంగతి దేశానికి ముందే తెలిసి ఉంది.

కాబట్టి నా విన్నపం ఇది. ముఖ్యమంత్రి గాని, కొత్తగా వచ్చిన కలెక్టరు గాని ఆపద వేళ ప్రజలతో మాట్లాడే తొలి ప్రసంగంలో ఏ మండలానికి ఏ రోజుకు నీరు, కరెంటు, బియ్యం అందుతాయో చెప్పేలా తమ శాఖ ఒక నియమం పెట్టాలి. ఇంకా తెలియని సంగతి తెలియదనే చెప్పి, మళ్లీ ఎప్పుడు చెబుతారో ఆ వేళ చెప్పాలి. తేదీ తప్పితే ఆ మాట కూడా అదే గొంతుతో వినిపించాలి. ఆ ప్రసంగ పాఠం గ్రామ సచివాలయం గోడ మీద అతికించి, చదువు రానివారికి మా ఊరి మాటలో చదివి వినిపించాలి. అక్టోబరు తుఫానులు మొదలయ్యేలోగా ఈ ఉత్తర్వు మా మండలానికి అందేలా చూడవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
కవిటి మండలం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు