గట్టు రోడ్లకూ స్పీడ్ గన్ రావాలి

సంపాదకులకు,

గోదావరి జిల్లాల్లో వాహనాల వేగం కొలిచే స్పీడ్ గన్ ఉన్న పోలీసు వాహనం తరచుగా కనిపించేది తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా పోయే నాలుగు వరుసల రహదారి మీద. అమలాపురం, రాజోలు వైపు సాగే 216 జాతీయ రహదారి మీద అరుదు, కాలువ గట్టు రోడ్ల మీద మరీ అరుదు. ముప్పు మాత్రం ఈ వరుసకు తలకిందులుగా ఉంది.

2018 కేంద్ర నోటిఫికేషన్‌లో కారు గరిష్ఠ వేగం గంటకు, డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డుపై 100 కి.మీ., మామూలు రోడ్లపై 70. సరుకు లారీకి 80, 60. డివైడర్ ఉన్న రోడ్డుపై 108తో వెళ్లిన కారుకు చలానా పడుతుంది. గట్టు రోడ్డుపై 90తో పోయేవారిని అడిగే నాథుడు లేడు. 90 అంటే సెకనుకు 25 మీటర్లు. డ్రైవరు చూసి బ్రేకు తొక్కేలోపే సుమారు 37 మీటర్లు, బండి ఆగడానికి మరో 45. అదీ పొడి రోడ్డు మీద. చేపల లారీల నుంచి కారిన నీళ్లుంటే ఇంకా ఎక్కువ. రిఫ్లెక్టరు లేని ట్రాక్టరు తొట్టి రాత్రిపూట డిమ్ లైటులో అంత దూరం నుంచి కనిపించదు. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు సగం రోడ్డు ధాన్యం ఆరబోతకే పోతుంది. పక్కకు తప్పిద్దామంటే కాలువ, చాలాచోట్ల రెయిలింగ్ కూడా ఉండదు.

పోలీసుల ఇబ్బంది నిజమే. గన్‌కు తిన్నని చూపు కావాలి, పట్టుకున్న లారీ నిలవడానికి మార్జిన్ కావాలి. గట్టు మీద ఆ రెండూ లేవు. గన్ ఇవ్వకుండా స్టేషన్ సిబ్బందికి ఆదేశాలిచ్చినా ఫలితం లేదు. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ప్రకారం పరికరం కొలత లేకుండా ఒక్క సాక్షి అంచనాతో శిక్ష పడదు.

అసలు చిక్కు బ్లాక్ స్పాట్ (తరచూ ప్రమాదాలు జరిగే చోటు) లెక్కలో ఉంది. ఒక చోటును అలా గుర్తించాలంటే జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్లలో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పదిమంది చనిపోవాలి. గట్టు రోడ్డు ప్రమాదాలు ఒకచోట పోగుపడవు. ఒకటి లాకుల దగ్గర, మరొకటి రెండు కిలోమీటర్ల అవతల మలుపులో. అందుకే ఆ రోడ్డు జాబితాకెక్కదు, నిఘా కూడా రాదు. ఈ రోడ్లకు 500 మీటర్లు కాక ఐదు కిలోమీటర్ల చొప్పున లెక్క తీయాలి. ప్రమాద స్థలాల వివరాలు పోలీసులు ఈ-డార్ అనే ఆన్‌లైన్ ప్రమాదాల రికార్డులో ఎలాగూ నమోదు చేస్తున్నారు.

పరిష్కారం సగటు వేగం కెమెరాలు. పది కిలోమీటర్ల దూరంలో రెండు కెమెరాలు పెడితే 60 పరిమితి ఉన్న లారీకి కనీసం పది నిమిషాలు పట్టాలి. ఏడున్నర నిమిషాల్లో దాటిందంటే 80తో వచ్చినట్టే. ఎవరినీ గట్టు మీద ఆపక్కర్లేదు, కెమెరా ముందు బ్రేకు వేసి తర్వాత తొక్కే ఎత్తూ పారదు. అదే చట్టంలోని 136ఎ సెక్షన్ రాష్ట్ర రహదారులకూ ఇలాంటి నిఘాను అనుమతిస్తోంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 167ఎ ప్రకారం ముందుగా హెచ్చరిక బోర్డు, పరికరానికి ఏటా ధ్రువీకరణ, 15 రోజుల్లో నోటీసు తప్పనిసరి.

అవి వచ్చేదాకా రెండు బృందాలు చాలు. ఒకటి వంతెన దగ్గర గన్‌తో, రెండోది కిలోమీటరు అవతల పెట్రోలు బంకు దగ్గర. నంబరు వైర్‌లెస్‌లో చెబితే అక్కడ ఆపుతారు. రాడార్ గన్ కిరణం వెడల్పు కనుక లారీల మధ్య కారు వేగం తప్పుగా రావచ్చు. లేజర్ గన్ అయితే నంబరు ప్లేటుకే గురిపెట్టవచ్చు. పక్క నుంచి పది డిగ్రీల కోణంలో కొలిస్తే 80 బదులు 79 చూపిస్తుంది, అంటే తేడా డ్రైవరుకే అనుకూలం.

216 రహదారి గోదావరి ప్రాంతంలో కాకినాడ, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల్లో సాగుతుంది. ఈ మూడు జిల్లాల ఎస్పీలు కలిసి, నెలలో గన్ ఏ రోడ్డుపై ఎన్ని గంటలు నిలిచిందో ప్రకటించాలని కోరుతున్నాం.

– కొందరు పాఠకులు, కోనసీమ