పొగ లారీకి చలానా వేశారు, దానికి సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ల మాటేంటి?

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో పొగ లారీలపై కేసులు అన్న వార్త చదివాను. ఆ రోజే రాద్దామని కూర్చుని, కోపంలో ఏం రాస్తానోనని ఆగాను. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఓనర్ల నిర్లక్ష్యమే దీనికంతటికీ కారణమని అధికారులు అన్నట్టు రాశారు. ఆ రోజు చలానా పడిన బండ్లలో మా అక్క కొడుకు లారీ ఒకటి. నిర్లక్ష్యం ఎవరిదో మీ పాఠకులకు తెలియాలి.

కుర్రవాడు ఎనిమిదేళ్లు పరాయి బండి తోలి, కూడబెట్టిన డబ్బుతో ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో పది టైర్ల లారీ కొన్నాడు. 2020 మోడల్, కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన బీఎస్-6 బండి. ధర 18 లక్షలు, అందులో 13 లక్షలు ఫైనాన్స్. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, పొల్యూషన్ సర్టిఫికెట్ వారం కిందటే తీసింది. బేరానికి నన్నూ తీసుకెళ్లాడు. మేం వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంది. ఇప్పుడే డీజిల్ కొట్టించుకొచ్చాం అన్నారు. పాత ఇంజన్ గుట్టు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే తెలుస్తుంది. అది తెలిసి కూడా, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి కదా అని నేను సరేనన్నాను. ఆ బాధ నాకుంది.

మొదటి పెద్ద లోడు బియ్యం, నంద్యాలకు. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుంటే పికప్ పడిపోయింది. "మామయ్యా, అద్దంలో పొగ తప్ప ఏమీ కనపడట్లేదు" అని రాత్రిపూట ఫోన్ చేశాడు. గేజ్ తీసి చూస్తే ఆయిల్ అడుగున ఉందట. ఆయిల్ పోసుకుంటూ ఎలాగో వెళ్లి లోడు దించి, ఖాళీ బండిని రిపేరుకని విజయవాడ ఆటోనగర్‌కు తెస్తుంటే దారిలో ఆపి చలానా రాశారు. సర్టిఫికెట్ చూపిస్తే, పొగ కళ్లకు కనపడుతుంటే సర్టిఫికెట్ దేనికి అన్నారు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. మరి అంత పొగ బండికి ఆ సర్టిఫికెట్ ఎలా వచ్చిందో కూడా వాళ్లే చెప్పాలి.

ఆటోనగర్‌లో మెకానిక్ ఇంజన్ ఆన్‌లో ఉండగానే ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి అక్కడే పెట్టాడు. మూత గడగడలాడి ఎగిరి కింద పడింది. ఇది బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండర్లలోని గ్యాసు కిందికి లీకై ఇలా తన్నుతోంది, పిస్టన్ రింగులూ లైనర్లూ అరిగిపోయాయన్నాడు. కొన్నాళ్లు పొగ, చప్పుడు తెలియకుండా చిక్కటి ఆయిల్ పోసి అమ్మారట. తర్వాత సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి తిప్పి చూపించాడు, కాటుక పూసినట్టు నల్లగా వచ్చింది. బీఎస్-6 బండిలో మసిని డీపీఎఫ్ ఫిల్టర్ పట్టేస్తుంది, గొట్టం శుభ్రంగా ఉండాలి. ఆ ఫిల్టర్ ఉండే డబ్బా దించితే ఒక పక్క కోసి మళ్లీ వేసిన వెల్డింగ్, లోపల ఫిల్టరే లేదు. పొగలోని విషవాయువులు తగ్గించడానికి పోసే అడ్‌బ్లూ ద్రవం ట్యాంకు మూత మీద దుమ్ము పేరుకుంది, ఎన్ని నెలలుగా చుక్క పోయలేదో. తాళం తిప్పగానే ఇంజన్ చెక్ లైటు వెలిగి, స్టార్టయ్యాక ఆరాలి. ఇందులో అసలు వెలగనే లేదు. స్కానర్ పెడితే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీఎం) ప్రోగ్రామే మార్చేశారని తేలింది. మొత్తం కలిపి నాలుగు లక్షల ఎస్టిమేట్ ఇచ్చారు.

సర్టిఫికెట్ ఇచ్చిన చోటికి నేనే వెళ్లి ఒక గంట నిలబడ్డాను. లారీ వచ్చి ఆగింది. అక్కడి అబ్బాయి నంబర్ ప్లేటుకు ఫొటో తీశాడు, డబ్బులు తీసుకున్నాడు, కాగితం ఇచ్చాడు. పొగ కొలవడానికి సైలెన్సర్‌లో పెట్టాల్సిన మిషన్ గొట్టం గోడకు చుట్టి వేలాడుతూనే ఉంది. ఇంజన్ వేడెక్కాక న్యూట్రల్‌లో పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి వదులుతూ రీడింగులు తీయాలి కదా అంటే, ఎవరు మీరు అని అడిగాడు. నేను ఉన్నంతసేపట్లో వచ్చిన నాలుగు బండ్లకూ అంతే.

పొగ వదిలే బండి తోలితే చట్టంలో 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి. పరీక్ష చేయకుండా కాగితం ఇచ్చినవాళ్ల మీద ఎప్పుడైనా స్పెషల్ డ్రైవ్ పెట్టారా? 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-5 వదిలేసి నేరుగా బీఎస్-6 తెచ్చారు. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50) నుంచి 10కి తగ్గించారు. లారీల ధరలు పెరిగితే, పిల్లల ఊపిరితిత్తుల కోసమే కదా అని మేమూ భరించాం. అదంతా ఒక వెల్డింగ్ షెడ్డులో పోతోంది. ఎనిమిదేళ్లలోపు లారీకి ఎఫ్‌సీ రెండేళ్లకోసారే. మధ్యలో ఏం పీకేసినా అడిగే దిక్కు లేదు. పెద్ద లారీలకు 2023 ఏప్రిల్ నుంచి మిషన్లతో పరీక్షించే ఆటోమేటిక్ స్టేషన్లలోనే ఫిట్‌నెస్ అని చెప్పి, 2024 అక్టోబరుకు జరిపారు. మేం బండ్లు తోలడం మొదలుపెట్టిన రోజుల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ స్వయంగా క్యాబిన్ ఎక్కి నడిపి చూసేవాడు. ఆయనంటే భయం ఉండేది, గౌరవమూ ఉండేది. ఇప్పుడు ఫొటో అప్‌లోడ్ అయితే చాలు.

పాత బండ్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. లారీలు అమ్మే యార్డుల్లో దాన్ని ఎంతమంది పాటిస్తున్నారో అధికారులు వెళ్లి చూడాలి. ఓనర్ పేరు మార్చేటప్పుడు ఫారం 29, 30 తీసుకుంటున్నారు. వాటితో పాటు అందరి ముందు తీసిన పొగ రీడింగు, స్కానర్ రిపోర్టు కూడా తప్పనిసరి చేయాలి. బండి మీద పెట్టే లక్షల ముందు ఆ ఖర్చు ఒక లెక్క కాదు. కొనేవాడు కళ్లు తెరిచి కొంటాడు, డీపీఎఫ్ పీకేసిన బండి అమ్ముడుపోదు.

మా వాడి బండి పది రోజులకు పైగా రిపేరు షెడ్డులోనే ఉంది. ఐదో తారీకున ఫైనాన్స్ వాయిదా కట్టాలి. ఆ సర్టిఫికెట్ నా దగ్గరే ఉంది, దాని మీద తేదీ, టైము అన్నీ ఉన్నాయి. రవాణా శాఖ అధికారులు ఎవరు పిలిచినా పట్టుకొస్తాను. ఆ రోజు రీడింగ్ ఎలా తీశారో ఇచ్చినవాళ్లను నా ఎదురుగా అడగమనండి.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
కంకిపాడు